పిల్లల బండి ఎంపిక: దొర్లే నేల, తోసే చేతులు

పిల్లల బండ్ల గురించి రాసేవారు చాలామంది సీటు దగ్గర మొదలుపెడతారు. మెత్త ఎంత మందంగా ఉంది, వీపు ఎంతవరకు వాలుతుంది, గొడుగు ఎంత కిందికి దిగుతుంది, పాలసీసా పెట్టుకునే చోటు ఉందా లేదా అని చూస్తారు. ఇవి చూడవలసినవే. అయితే కొన్న బండి రోజూ వాడకంలో ఉంటుందా, కొద్ది నెలలకే బాల్కనీ మూలకు చేరుతుందా అన్నది మన ఊళ్ళలో సీటును బట్టి తేలదు. ఆ బండి ఏ నేల మీద దొర్లాలి, దాన్ని రోజూ ఎవరు తోయాలి అన్న రెండు ప్రశ్నలే దాన్ని తేలుస్తాయి. హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉంటూ మా పాప కోసం మూడు రకాల బండ్లు వాడిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను.

మొదటిది మా ఆడపడుచు అమెరికా నుంచి వస్తూ, తన పిల్లవాడికి వాడినదాన్ని తెచ్చి ఇచ్చిన పెద్ద బండి. కారులో బిగించే పసిపిల్లల సీటును ఊడదీసి దీని మీదే అమర్చుకోవచ్చు. అక్కడివారు దీన్ని ట్రావెల్ సిస్టమ్ అంటారు. రెండోది గొడుగులా ముడుచుకునే తేలికైన బండి. మూడోది మడిస్తే విమానంలో సీటు పైన ఉండే అరలో పట్టేంత చిన్నదయ్యే బండి. దుకాణాల్లో క్యాబిన్ స్ట్రోలర్ అని అమ్ముతున్నది ఇదే. నా తీర్పు ఏ ఒక్క కంపెనీ మీదా కాదు, ఈ మూడు రకాల మీద. లవ్‌ల్యాప్, ఆర్ ఫర్ ర్యాబిట్, బేబీహగ్, మీ మీ, చికో, గ్రాకో వంటి పేర్లతో మన దగ్గర దొరికే బండ్లలో చాలావరకు ఈ మూడింటిలో ఏదో ఒక కోవకు చెందినవే, లేదా రెండింటికి మధ్యస్థంగా ఉండేవే. రకం సరిగ్గా కుదిరితే మామూలు ధర బండి కూడా చక్కగా పనికివస్తుంది. రకం కుదరకపోతే ఎంత ఖరీదైనదీ బరువే అవుతుంది.

బండి ఎప్పుడు కొనాలన్న విషయం ముందు చెప్పాలి, ఎందుకంటే డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. మన ఇళ్ళలో తొలి నెలల్లో బాలింత పుట్టింట్లోనే ఉంటుంది. మూడో నెలో ఐదో నెలో వచ్చి అత్తవారింటికి చేరేవరకు పసిబిడ్డను గడప దాటించడం అరుదు. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలకు ఆసుపత్రికి వెళ్ళవలసి వచ్చినా బిడ్డ వెళ్ళేది అమ్మమ్మ చేతుల్లోనే. ఇంట్లో పడుకోవడానికి ఉయ్యాల ఉండనే ఉంటుంది. అందువల్ల పుట్టిన రోజు నుంచి వాడవచ్చునంటూ విడిగా అమ్మే పడక తొట్టి మన జీవన విధానంలో చాలా ఇళ్ళకు అక్కరలేదు. తొట్టి లేని మామూలు బండిలో అంత చిన్న బిడ్డను కూర్చోబెట్టడం మంచిది కాదన్నదీ అంతే నిజం. మెడ నిలవని బిడ్డ తల ముందుకు వాలితే శ్వాసకు అడ్డు పడవచ్చు. యూరప్‌లో పిల్లల బండ్లకు వర్తించే ఈఎన్ 1888 ప్రమాణం ఆరు నెలల లోపు పిల్లల కోసం ఉద్దేశించిన సీటు కనీసం 150 డిగ్రీల కోణంలో వాలాలని కోరుతుంది. కారు సీట్లు, స్ట్రోలర్ల వంటి కూర్చునే సాధనాలు రోజువారీ నిద్రకు తగినవి కావనీ, నాలుగు నెలల లోపు పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరమనీ అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెబుతోంది. కాబట్టి మెడ నిలిచి, ఆసరాతో కూర్చోవడం వచ్చే దాకా, అంటే ఇంచుమించు అన్నప్రాశన దాకా ఆగి కొనడమే మేలు. సీమంతానికో బారసాలకో చుట్టాలు బండి బహుమతిగా ఇస్తామంటే, ఆరో నెలలో ఇమ్మని మొహమాటం లేకుండా అడగండి. అప్పటికి బిడ్డ బరువు, ఇంటి వాడుక, తోసేది ఎవరన్న విషయం అన్నీ స్పష్టంగా ఉంటాయి.

ఇక నేల సంగతి. మా అపార్ట్‌మెంటు కింద పార్కింగు వరకు నున్నని సిమెంటు. అక్కడి నుంచి గేటు దాకా ఇంటర్‌లాకింగ్ ఇటుకలు. గేటు దాటగానే వాలు, దాని అంచున కాలువ మీద వేసిన ఇనుప జాలీ, ఆ తర్వాత రోడ్డు. ఫుట్‌పాత్ ఉంది గాని దాని మీదికి ఎక్కాలంటే అడుగు ఎత్తు. ఎక్కినా ప్రతి గేటు దగ్గరా తెగిపోతుంది. మధ్యలో ట్రాన్స్‌ఫార్మరు, నిలబెట్టిన మోటారు సైకిళ్ళు, టిఫిన్ బండి. హైదరాబాదులోనే కాదు, విజయవాడ, గుంటూరు, వరంగల్ వీధుల్లోనూ పరిస్థితి ఇంతకంటే భిన్నంగా ఉండదు. నెక్లెస్ రోడ్డు మీద, విశాఖ బీచ్ రోడ్డు మీద, మాల్‌లో, విమానాశ్రయంలో ఏ బండైనా బాగానే నడుస్తుంది. బండి విలువ తెలిసేది ఇంటి నుంచి వీధి చివర పార్కు దాకా ఉన్న ఆ కొద్ది దూరంలోనే.

గొడుగు బండి ఈ పరీక్షలో తప్పింది. దాని చక్రాలు చిన్నవి, గట్టి ప్లాస్టిక్‌వి, జంటలుగా ఉంటాయి. ఇటుకల సందుల్లో, కాలువ జాలీ రంధ్రాల్లో ముందు చక్రం ఇరుక్కుంటే బండి ఉన్నట్టుండి ఆగిపోతుంది, లోపలి బిడ్డ ముందుకు తూలుతుంది. పట్టీలు బిగించి ఉండటం వల్లే మా పాపకు దెబ్బ తగలలేదు. పెద్ద బండి ఈ విషయంలో ఎంతో నయం. దాని వెనుక చక్రాలు దాదాపు అడుగు వ్యాసం ఉన్నాయి, స్ప్రింగులు ఉన్నాయి. స్పీడ్ బ్రేకరు మీద కూడా పాప నిద్ర చెదరలేదు. క్యాబిన్ బండి ఈ రెంటికీ మధ్యన నిలిచింది. చక్రాలు చిన్నవే అయినా మెత్తని నురుగు రబ్బరుతో చేసినవి, నాలుగింటికీ స్ప్రింగు ఉంది. గుంతలను దాటలేకపోయినా ఇటుకల మీద అదురు తక్కువ. ముందు చక్రాలు తిరగకుండా నిలిపే తాళం ఉన్న బండినే ఎంచుకోవాలి. చదునైన చోట చక్రాలు నాలుగు వైపులా తిరిగితే మలుపు సులువు; కంకర మీద, మట్టి మీద తాళం వేసి నిటారుగా తోస్తేనే బండి అదుపులో ఉంటుంది. గాలి నింపే టైర్లు ఉన్న మూడు చక్రాల జాగింగ్ బండ్లు చూడటానికి బాగుంటాయి గాని, పల్లేరు ముళ్ళు ఉండే ఊళ్ళలో సైకిల్ ట్యూబులకు పట్టే గతే వాటికీ పడుతుంది. పైగా వాటితో పరుగెత్తడం ఆరు నెలల లోపు పిల్లలకు తగదని తయారీదారులే చెబుతారు.

గొడుగు బండిని తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. పిల్లల బండ్ల చరిత్రలో అది గొప్ప మలుపు. రెండో ప్రపంచ యుద్ధ కాలపు స్పిట్‌ఫైర్ విమానానికి చక్రాల అమరికను రూపొందించిన ఓవెన్ మెక్‌లారెన్ అనే బ్రిటిష్ ఇంజనీరు, తన కూతురు బరువైన బండితో పడే ఇబ్బంది చూసి, 1965లో అల్యూమినియం గొట్టాలతో ముడుచుకునే బండిని రూపొందించాడు. నేల వదిలిన విమానం చక్రాలను లోపలికి ముడుచుకునే విద్య తెలిసినవాడు గనుకే ఆయన ఆ పని చేయగలిగాడని నాకు అనిపిస్తుంది. బరువు మూడు కిలోల లోపే. అంతవరకు పిల్లల బండి అంటే ఇంటి ముందు నిలిపి ఉంచే వాహనం. ఆ తర్వాత చంకన పెట్టుకుని బస్సెక్కగలిగే వస్తువు. నున్నని ఫుట్‌పాత్‌లున్న లండన్‌లో అది సంపూర్ణమైన పరిష్కారం. మన వీధికి కాదు. అయితే రైలు ప్రయాణాలకు, ఊళ్ళో చుట్టాలింటికి వెళ్ళినప్పుడు వరండాలో పాపను కూర్చోబెట్టడానికి మేము ఇప్పటికీ దాన్నే తీసుకెళ్తాం.

ముడిచే బండ్లన్నిటికీ వర్తించే ఒక హెచ్చరిక కూడా ఆ కథలోనే ఉంది. 2009లో అమెరికాలో, ఆయన స్థాపించిన మెక్‌లారెన్ కంపెనీ సుమారు పది లక్షల బండ్లకు సంబంధించి ఉపసంహరణ ప్రకటన చేసింది. మడత కీలులో వేలు పడి పిల్లల వేలికొసలు తెగిన ఘటనలు పన్నెండు నమోదయ్యాయి. కీళ్ళను కప్పే తొడుగులను కంపెనీ ఉచితంగా పంపింది. కొనే ముందు బండిని పలుమార్లు మడిచి విప్పి, కీలు ఎక్కడుందో, అది కప్పి ఉందో లేదో వేలితో తడిమి చూడాలి. బండి విప్పేటప్పుడు, మడిచేటప్పుడు బిడ్డ చేతికందేంత దగ్గరలో ఉండకూడదు. ఈ నియమాన్ని ఇంట్లో అందరికీ, ముఖ్యంగా చెల్లితోనో తమ్ముడితోనో ఆడుకుంటూ బండి చుట్టూ తిరిగే పెద్ద పిల్లలకు చెప్పి ఉంచాలి.

ఇప్పుడు తోసే చేతుల గురించి. నేనూ మావారూ ఉద్యోగాలకు వెళ్తాం. పాపను పొద్దున, సాయంత్రం కిందికి తీసుకెళ్ళేది మా అత్తయ్యగారు. తల్లిదండ్రులిద్దరూ పనిచేసే ఇళ్ళలో చాలాచోట్ల బండి తోసేది నానమ్మో అమ్మమ్మో, లేదంటే పిల్లను చూసుకునే పనిమనిషో. కాని బండ్లను రూపొందించేవారి కళ్ళ ముందు ఉండేది బూట్లు, ప్యాంటు వేసుకున్న ఆరడుగుల తండ్రి. ఈ తేడా మూడు చోట్ల కనిపించింది.

మొదటిది బ్రేకు. చాలా బండ్లలో వెనుక చక్రం దగ్గర ఉన్న మీటను కాలితో కిందికి నొక్కితే బ్రేకు పడుతుంది; విడవాలంటే అదే మీటను బొటనవేలితో పైకి ఎత్తాలి. బూటు వేసుకున్నవారికి ఇది కష్టం కాదు. హవాయి చెప్పులు వేసుకున్న అత్తయ్యగారికి ప్రతిసారీ వేలు నొప్పి. చివరకు ఆవిడ బ్రేకు వేయడమే మానుకున్నారు, వాలు ఉన్న గేటు దగ్గర అది ప్రమాదం. నొక్కితే పడి, మళ్ళీ నొక్కితే విడిచే మీట ఉన్న బండ్లూ దొరుకుతాయి. మా క్యాబిన్ బండిలో ఉన్నది అదే; ఆవిడకు ఒక్కసారి చూపిస్తే చాలింది. ఒక్క మీటతోనే రెండు చక్రాలూ నిలవాలి. ఒక్కో చక్రానికి వేరే మీట ఉంటే రెండోది వేయడం మరిచిపోతారు. దుకాణానికి వెళ్ళేటప్పుడు రోజూ వేసుకునే చెప్పులతోనే వెళ్ళి బ్రేకు చూడండి.

రెండోది చీర. కొంగు, కుచ్చిళ్ళు, చున్నీ వెనుక చక్రాల మధ్య ఇరుసుకు చుట్టుకోవచ్చు. పెద్ద బండి చక్రాలకు సైకిల్ చక్రాల మాదిరి ఊచలు ఉన్నాయి, వాటి మధ్య కొంగు చిక్కుకుని ఒకసారి చిరిగింది. చక్రం పక్కలు పూర్తిగా మూసి ఉన్న బండి మంచిది. తోసే మనిషి పాదాలకు, వెనుక ఇరుసుకు మధ్య అడుగు వేసేంత చోటు ఉండాలి. లేకపోతే ప్రతి అడుగుకీ కాలు ఇరుసుకు తగులుతుంది. మా గొడుగు బండితో మావారికి ఇదే ఇబ్బంది.

మూడోది పిడి ఎత్తు. అయిదడుగుల మనిషికి పిడి నడుముకు కాస్త పైన, మోచేయి కొద్దిగా వంగేటట్టు ఉంటే భుజం నొప్పి రాదు. ఇంట్లో ఎత్తులు వేరుగా ఉన్నప్పుడు, పిడిని పైకీ కిందికీ జరిపే వీలుండటం అలంకారం కాదు, అవసరం. రెండు విడి పిడులు ఉన్న బండి కంటే ఒకే కమ్మీ పిడిగా ఉన్నది మన అవసరాలకు తగినది. ఒక చేత్తో కూరగాయల సంచీ పట్టుకుని మరో చేత్తో తోయవలసిన సందర్భాలు వస్తూనే ఉంటాయి. ఆ సంచీని పిడికి తగిలించకూడదు. బిడ్డను ఎత్తిన మరుక్షణం ఖాళీ బండి వెనక్కి తిరగబడుతుంది. బిడ్డ లోపల ఉండగానే తిరగబడితే తల వెనుక భాగం నేలకు కొట్టుకుంటుంది. సామాను పెట్టవలసింది సీటు కింది బుట్టలోనే, అదీ దాని మీద రాసిన బరువు మేరకే.

ఎండ గురించి మనవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. పాప కళ్ళల్లో ఎండ పడుతోందని బండి ముందు భాగానికి పల్చని గుడ్డ కప్పడం అంతటా కనిపిస్తుంది. కప్పేవారి ప్రేమలో లోపం లేదు, అయితే ఆ గుడ్డ గాలిని ఆపేస్తుంది. ఆస్ట్రేలియాలో సిడ్నీ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎండలో నిలిపిన బండ్ల లోపలి వేడిని కొలిచి 2023లో ఫలితాలు ప్రకటించారు. పొడి గుడ్డ కప్పితే లోపలి వేడి దాదాపు నాలుగు డిగ్రీల వరకు పెరిగింది. అదే పల్చని గుడ్డను తడిపి కప్పి, చిన్న ఫ్యాన్ కూడా పెడితే దాదాపు అయిదు డిగ్రీలు తగ్గింది. గుమ్మానికి తడిపిన వట్టివేళ్ళ తడికలు కట్టుకున్న మనకు ఈ సూత్రం కొత్తది కాదు. అయితే గాలిలో తేమ నిండి ఉండే విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో తడిగుడ్డ అంత తొందరగా ఆరదు, అంత చల్లబరచదు. మే నెలలో మిట్టమధ్యాహ్నం బయటికి తీయకపోవడమే అన్ని చోట్లా మందు. బండిలో చూడవలసింది బిడ్డ మోకాళ్ళ దాకా దిగే గొడుగు, దాని వెనుక గాలి ఆడే జాలీ కిటికీ, వీపు వెనుక నల్లని మందపాటి మెత్త కాకుండా గాలి పారే వల గుడ్డ. ఖరీదైన విదేశీ బండ్లు చలి దేశాల కోసం కుట్టినవి కావడంతో మెత్తలు మరీ మందంగా ఉంటాయి. మా పెద్ద బండిలో పాప వీపు పది నిమిషాలకే చెమటతో తడిసిపోయేది. నూలు దుప్పటి పరిచాక కొంత నయమైంది.

దుమ్ము, పొగ ఇంకో విషయం. బ్రిటన్‌లోని సర్రీ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు ప్రశాంత్ కుమార్ నేతృత్వంలో 2018లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం, బండిలోని పసిపిల్లలు పక్కన నడిచే పెద్దల కంటే 60 శాతం వరకు ఎక్కువ కాలుష్యాన్ని ఎదుర్కొనే అవకాశం ఉంది. వాహనాల పొగగొట్టాలు నేల నుంచి మీటరు లోపే ఉంటాయి, బండిలో బిడ్డ ముక్కు ఉండేదీ ఆ ఎత్తులోనే. గొడుగు బండి సీటు మరీ కిందికి ఉంటుంది, పెద్ద బండి సీటు కాస్త పైకి. సిగ్నలు దగ్గర ఆటోల వెనుక బండిని ఆపే అలవాటు ఉంటే ఈ తేడా చిన్నది కాదు. వీలైనంతవరకు లోపలి వీధుల్లో నుంచే తోసుకెళ్ళాలి.

బిడ్డ ముఖం ఎటు ఉండాలన్నదానిపై నా అభిప్రాయం స్థిరమైనది. ఏడాది నిండేదాకా తోసేవారి వైపే ఉండాలి. 2008లో స్కాట్లాండులోని డండీ విశ్వవిద్యాలయానికి చెందిన సుజాన్ జీడిక్ జరిపిన పరిశీలనలో, బిడ్డ ముఖం తమ వైపు ఉన్నప్పుడు పెద్దలు బిడ్డతో మాట్లాడటం రెండింతలకు పైగా కనిపించింది. దీనికి పరిశోధన అక్కరలేదనిపించేంతగా మా ఇంట్లోనే చూశాం. పెద్ద బండి సీటును తిప్పుకోవచ్చు గనుక అత్తయ్యగారు దారి పొడవునా పాపతో కబుర్లు చెప్పేవారు. కాకిని చూపించేవారు, కుక్కపిల్లను చూపించేవారు. మిగిలిన రెండు బండ్లలో పాప ముఖం వీధి వైపే, ఆవిడకు కనిపించేది గొడుగు వెనుక భాగమే. అందువల్ల మాటలు తగ్గాయి. పిడిని అటు నుంచి ఇటు మార్చుకునే బండ్లు మన కంపెనీలవే మధ్యతరగతి ధరలో దొరుకుతున్నాయి. అలా మార్చినప్పుడు తిరిగే చక్రాలు వెనక్కి వచ్చి మలుపు కాస్త మొరాయిస్తుంది, అయినా ఆ సదుపాయం విలువైనది.

భద్రతకు చూడవలసిన వాటిలో పట్టీలే ముఖ్యం. భుజాలకు రెండు, నడుముకు రెండు, కాళ్ళ మధ్య ఒకటి, మొత్తం అయిదు ఉండాలి. కాళ్ళ మధ్య పట్టీ లేకుండా నడుముకు మాత్రమే కడితే, నిద్రలో జారిన బిడ్డ కాళ్ళ వైపు నుంచి కిందికి దిగిపోయి మెడ దగ్గర చిక్కుకునే ప్రమాదం ఉంది. ముందు అడ్డంగా ఉండే కమ్మీ పట్టీకి బదులు కాదు. కొద్ది దూరమే కదా అని పట్టీ వేయకపోవడం పెద్దవాళ్ళలో సహజం. అందువల్ల బిగించడానికి సులువుగా ఉండి, పెద్దల బొటనవేలి బలానికి మాత్రమే విడివడే బకిల్ ఉండాలి. మా గొడుగు బండి బకిల్ ఎంత గట్టిదంటే అత్తయ్యగారు రెండు చేతులతో నొక్కినా విడిచేది కాదు.

చోటు విషయం త్వరగా చెప్పేస్తాను. పాత అపార్ట్‌మెంట్ల లిఫ్టు తలుపు రెండడుగుల పైచిలుకే ఉంటుంది. మా పెద్ద బండి అందులో దూరడమే కష్టం, దూరినా మరో మనిషికి చోటు మిగలదు. కొనే ముందు టేపుతో లిఫ్టు తలుపు, లోపలి లోతు, కారు డిక్కీ కొలుచుకోవాలి. సీఎన్‌జీ కారు అయితే డిక్కీలో సిలిండరు ఉంటుంది గనుక పెద్ద బండి ఆశ వదులుకోవలసిందే. క్యాబిన్ బండి ఇక్కడ మిగతా రెంటినీ మించిపోతుంది. ఈ రకానికి పేరు తెచ్చిన ఫ్రెంచి కంపెనీ బేబీజెన్ వారి యోయో మడిస్తే 52, 44, 18 సెంటీమీటర్లలో ఇమిడిపోతుంది. బరువు ఆరు కిలోల పైన కొద్దిగా. దాన్ని అనుసరించి వచ్చిన మన మార్కెట్ బండ్లు ఏడు, ఎనిమిది కిలోలు తూగుతాయి. ఆటోలో కాళ్ళ దగ్గర పెట్టుకోవచ్చు, చెప్పుల స్టాండు పక్కన నిలబెట్టుకోవచ్చు. విమానంలోకి అనుమతిస్తారా లేదా అన్నది ఆయా సంస్థల కొలతలను బట్టి, సిబ్బందిని బట్టి ఉంటుంది గనుక టికెట్టు కొన్నప్పుడే అడిగి తెలుసుకోవాలి. 

విదేశాల్లో ఉన్న మనవాళ్ళకు ఈ లెక్క మారుతుంది. అమెరికాలో బిడ్డను ఆసుపత్రి నుంచి కారులో ఇంటికి తీసుకెళ్ళాలంటేనే కారు సీటు కావాలి, తొలి వారాల నుంచే వైద్యుడి దగ్గరికి, దుకాణానికి తామే తిప్పుకోవాలి. నిద్రపోయిన బిడ్డను లేపకుండా సీటుతో సహా బండి మీదికి మార్చుకునే ట్రావెల్ సిస్టమ్ అక్కడ డబ్బుకు తగిన వస్తువే. లండన్ వంటి చోట బస్సుల్లో తిరిగేవారికి తొందరగా ముడుచుకునే బండి కావాలి. బస్సులో చక్రాల కుర్చీకి కేటాయించిన చోటు ముందుగా వికలాంగులదే. 2012లో ఒక తల్లి తన బండి ముడుచుకోదంటూ అలాంటి చోటు నుంచి జరగకపోవడంతో డగ్ పాలీ అనే చక్రాల కుర్చీ ప్రయాణికుడు బస్సెక్కలేకపోయాడు. ఆ వివాదం బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది; డ్రైవరు ఒక్క మాట అడిగి ఊరుకుంటే సరిపోదని, అంతకుమించి ప్రయత్నించాలని 2017లో కోర్టు తీర్పు చెప్పింది. బిడ్డను చూసుకోవడానికి ఇక్కడి నుంచి వెళ్ళే అమ్మమ్మలకు, నానమ్మలకు బండి మడవడం మొదటి వారంలోనే నేర్పించడం మంచిది. అక్కడ వాడిన పెద్ద బండిని ఇక్కడికి పంపాలనుకునేవారు మాత్రం ఒకసారి ఆలోచించాలి. మా పెద్ద బండి ముందు చక్రం పగిలినప్పుడు ఆ కంపెనీకి ఇక్కడ సేవా కేంద్రం లేకపోవడంతో, సైకిల్ షాపు అతను తన తెలివితో వేరే చక్రం అమర్చి నడిపించాడు.

మన దేశంలోనూ కారులో పిల్లల విషయం చట్టం పట్టించుకుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు సీటు బెల్టు గాని, పిల్లల రక్షణ సీటు గాని లేకుండా తీసుకెళ్తే వెయ్యి రూపాయల జరిమానా. కారులో తరచుగా తిరిగే కుటుంబం, బండి మీద పెట్టబోయే ఖర్చులో కొంత తగ్గించుకుని అయినా మంచి కారు సీటు కొనడం నా దృష్టిలో సరైన వరుస.

దుకాణంలో ఎలా చూడాలో కూడా చెప్పాలి. పెట్టె విప్పడానికి ఇష్టపడని దుకాణంలో కొనవద్దు. నగరంలో పేరున్న ఒక పిల్లల వస్తువుల దుకాణంలో ప్రదర్శనకు పెట్టిన బండిని మడిచి చూపమంటే సిబ్బందికే తెలియలేదు. మరో చిన్న దుకాణంలో యజమాని నేల మీద కూర్చుని ప్రతి మరా చూపించాడు, మేము అక్కడే కొన్నాం. ఖాళీ బండి ఎప్పుడూ తేలికగానే దొర్లుతుంది. అందువల్ల పది కిలోల బియ్యం సంచీ వెంట తీసుకెళ్ళి సీటులో పెట్టి, ఒక చేత్తో మలుపు తిప్పి చూడాలి, ఒక మెట్టు ఎక్కించి చూడాలి, బ్రేకు వేసి వాలు మీద నిలిపి చూడాలి. దుకాణదారు వింతగా చూసినా ఫరవాలేదు. రోజూ తోయబోయే మనిషిని తప్పక వెంట తీసుకెళ్ళాలి, మడవడం విప్పడం ఆమె చేతే చేయించాలి. సీటు గుడ్డ విడివడి ఉతకడానికి వీలుందో చూడాలి. అరటిపండు, రాగిజావ, పాలు పడని సీటు ఉండదు. దోమతెర, వాన తొడుగు బండితోపాటే ఇస్తారో విడిగా కొనాలో అడగాలి.

మూడింటిలో నా ఓటు క్యాబిన్ బండికి, అది కూడా నాలుగు చక్రాలకూ స్ప్రింగు, వీపు బాగా వాలే సౌకర్యం, నొక్కుడు బ్రేకు ఉన్నదానికి. మన కంపెనీల్లో ఇది సుమారు ఎనిమిది నుంచి పదిహేను వేల రూపాయల మధ్య దొరుకుతుంది. గేటెడ్ కమ్యూనిటీలో ఉంటూ, పెద్ద లిఫ్టు, లోపలే నడక దారి ఉన్నవారు పెద్ద చక్రాల బండి తీసుకోవచ్చు. ముఖం ఇటు తిప్పుకునే వీలుంటే ఇంకా మంచిది. గొడుగు బండి మూడు నుంచి అయిదు వేలకు వస్తుంది. దాన్ని మొదటి బండిగా కాక, బిడ్డకు ఏడాదిన్నర దాటి కాస్త నడుస్తూ కాస్త కూర్చుంటూ ఉండే వయసులో ప్రయాణాల కోసం కొనడం సబబు. లిఫ్టు లేని ఇంట్లో రెండో అంతస్తు పైన ఉండేవారికి ఏ బండీ సుఖం ఇవ్వదు. మంచి బేబీ క్యారియరు కట్టుకుని బిడ్డను ఒంటికి ఆనించుకుని తిరగడమే తేలిక. వాడినది కొనేటప్పుడు పట్టీల కుట్లు, కీళ్ళ తుప్పు, బ్రేకు పళ్ళ అరుగుదల చూడాలి, మోడల్ పేరుతో ఉపసంహరణ ప్రకటన ఏదైనా ఉందేమో వెతకాలి. ఏది కొన్నా బిల్లు, వారంటీ కార్డు దాచుకోండి, నెలకోసారి చక్రాల్లో చుట్టుకున్న వెంట్రుకలు, దారాలు తీసి మరలు బిగించండి, ఎందుకంటే మా మూడు బండ్లలోనూ ముందుగా వదులైనవి ముందు చక్రాల మరలే.